పొయ్యిని పరిశోధించిన ప్రభువు : రంఫర్డు జీవితము

సూర్యచంద్రుల గతులను గణించిన మహనీయులు ప్రతిదేశమునందును గలరు. సముద్రములను దాటి క్రొత్త భూములను కనుగొనినవారును, రాజ్యములను నిలిపినవారును చరిత్ర గ్రంథములలో పుటలకొలది స్థలము నాక్రమించుకొని యున్నారు. కాని పొయ్యి యెదుట కూర్చుండి, అందు మండుచున్న కట్టెలోని వేడిమిలో కుండకు చేరునది యెంత, గోడ త్రాగునది యెంత, పొగతో గూడి ఆకాశమున కెగయునది యెంత యని లెక్క వేసిన పండితులు బహు అరుదు. పొయ్యి స్త్రీల పని యనియు, సేవకుల పని యనియు తలచి విద్వాంసులు వంటయింటి గడప నెక్కకుండిరి. అమెరికాలో ఫ్రాంక్లిన్ పండితుడు 1740 తరువాతి యేండ్లలో చలికాచుకొనుటకై ఇనుప పొయ్యి నొకదానిని కల్పించెను. ఆయన వెనుక ఆ గడప నెక్కి, జీవితములో పెద్ద భాగమును నిప్పు చెంతనే గడపినవాడు బెంజమిన్ థామ్సన్. లోకము ఆయనను కౌంట్ రంఫర్డు అను పేర నెరుగును.

ఈయన చరిత్రము చదువువారు ఒక సంగతిని ముందే గుర్తెరుగుట మంచిది. జమయు ఖర్చును రెండును భారీగా నున్న ఖాతా వంటి దాయన బ్రదుకు. బీదవాని కుండ క్రింది మంటను గూర్చి అంతగా యోచించిన మనుష్యుడు తన భార్యను గూర్చి అందులో పదియవ వంతైనను యోచించినట్లు కానరాదు. ఒకదానిని చూపి మరియొకదానిని మరుగుపరచుట చరిత్ర వ్రాయువారికి తగదు.

థామ్సన్ 1753 సంవత్సరము మార్చి 26వ తేదీన ఉత్తర అమెరికాలోని మసాచుసెట్స్ సీమయందు వోబర్న్ అను గ్రామమున ఒక వ్యవసాయ కుటుంబములో జన్మించెను. అప్పటికి ఆ సీమ ఆంగ్లేయుల యేలుబడిలోని వలస రాజ్యము. బిడ్డ రెండేండ్లవాడు కాకమునుపే తండ్రి మరణించెను. తల్లి మరల వివాహమాడెను. పదుమూడవ యేట బాలుని సేలం పట్టణమున ఒక వర్తకుని కొట్టులో పని నేర్చుకొనుటకు పెట్టిరి. కొట్టులో చిట్టాలు వ్రాయుటకన్న బాణసంచా మందు నూరుటయందే అతని కాసక్తి మెండు. ఒకనాడు ఆ మందు ప్రేలి ఒడలు కాలెను. అగ్నితో ఆయనకు గలిగిన మొదటి పరిచయ మది యనవచ్చును. పిమ్మట హార్వర్డు కళాశాలలో విన్‌థ్రాప్ ఆచార్యుడు ప్రకృతిశాస్త్రము బోధించుచుండగా, చదువుకొనుటకు ధనము లేకున్నను, ఊరివాడైన బాల్డ్విన్ అను స్నేహితునితో గూడి మైళ్ళకొలది నడచిపోయి ఆ ఉపన్యాసములను వినివచ్చెడివాడు. ఆయన పొందిన పాఠశాలా విద్య స్వల్పము. తక్కినదంతయు స్వయంకృషియే.

1772లో ఆయన న్యూ హాంప్‌షైరు సీమలోని కాంకర్డు పట్టణమునకు బడిపంతులుగా వెళ్ళెను. ఆ యూరికి పూర్వనామము రంఫర్డు. అక్కడ తనకంటె పదునాలుగేండ్లు పెద్దదియు, ధనవంతురాలును అగు సారా అను వితంతువును ఆ సంవత్సరమే వివాహమాడెను. అప్పటికాయన వయస్సు పందొమ్మిది. ఒక్క వివాహముతో బడిపంతులు భూస్వామియయ్యెను. సీమ గవర్నరు ఆయనను సైన్యములో మేజరుగా నియమించెను. 1774లో కుమార్తె పుట్టెను. ఆ కాలముననే వలస ప్రజలకును ఆంగ్ల ప్రభుత్వమునకును వైరము ముదిరెను. థామ్సన్ గవర్నరు పక్షమువాడని ఊరివారు కోపించి ఇంటిపైకి రానున్నారని తెలిసి, ఆయన భార్యను, పొత్తిళ్ళలోని బిడ్డను విడిచి పారిపోయెను. అనుమానము నిరాధారము కాదు. 1775 మే నెలలో కంటికి కనబడని సిరాతో వ్రాసి ఆంగ్ల సేనాపతికి పంపిన రహస్యపు జాబు ఆయనదేయని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఆ సంవత్సరము గడచిన పిదప ఆయన భార్యను మరల చూడలేదు. ఆమె 1792లో కన్నుమూసెను.

1776లో లండను చేరి, అక్కడి మంత్రి నొకనిని ఆశ్రయించి, 1780 నాటికి ఉపకార్యదర్శి పదవి కెక్కెను. నడుమ తుపాకిమందు బలమును గూర్చి ప్రయోగములు చేసి 1779లోనే రాయల్ సొసైటీ సభ్యత్వమును గడించెను. యుద్ధము ముగియుచున్న దినములలో దండునాయకుడై అమెరికాకు తిరిగివెళ్ళి, 1782-83 శీతకాలమున లాంగ్ ద్వీపములోని హంటింగ్టన్ అను ఊర విడిసెను. ఆ ఊరి శ్మశానవాటికలో కోట కట్టించి, సమాధిఫలకములను పెరికించి రొట్టెల పొయ్యిలకు వేయించెనట. ఆ పొయ్యిలలో కాలిన రొట్టెల అడుగున చనిపోయినవారి పేర్లు తిరుగువ్రాతగా అచ్చుపడి వచ్చెడివని ఆ ఊరివారు చాలకాలము చెప్పుకొనిరి. మీదట పొయ్యిలను సంస్కరించి కీర్తి కెక్కిన పురుషుడు కట్టించిన పొయ్యిలలో ఇవియు నొక రకమని చెప్పక తప్పదు.

యుద్ధానంతరమున ఆయన అదృష్టము జర్మను దేశములోని బవేరియా రాజ్యమున పండెను. 1784లో ఇంగ్లండు రాజు సర్ బిరుద మొసగి పంపగా, బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ ఆయనను తన కొలువున చేర్చుకొనెను. క్రమముగా ఆయన యుద్ధమంత్రి యయ్యెను. సైనికులకు జీతములు చాలవు, బట్టలు చాలవు. రాజధానియగు మ్యూనిక్ పట్టణమున వీధివీధినా బిచ్చగాండ్రు. ఈ రెండు కొరతలను ఆయన ఒకేముడిగా వేసి విప్పెను. 1790 జనవరి 1వ తేదీన అధికారులను వెంటబెట్టుకొని బయలుదేరి, బిచ్చగాండ్రను పట్టి పేర్లు వ్రాయించెను. వారము దినములలో ఆ పట్టీలో చేరినవారు 2,600 మంది. వారికి శిక్ష విధింపలేదు. వెచ్చని కార్మికశాల నొకదానిని ముందే సిద్ధపరచి, అందు నూలు వడుకు పనియు, ఉన్ని పనియు నేర్పించి, కూలి యిచ్చి, మధ్యాహ్నము వేడి భోజనము పెట్టించెను. వారు నేసిన బట్ట సైనికుల ఒంటిమీది కెక్కెను. బీదలను ముందు నీతిమంతులను చేసి తరువాత సుఖపెట్టుదమను నాటి పెద్దల పద్ధతిని త్రోసి, ముందు సుఖపెట్టినచో నీతి దానంతట వచ్చునని నమ్మిన మంత్రి యాయన. పట్టణము ప్రక్కనున్న వేటభూమిని 1789లో ప్రజోద్యానముగా మార్పించినవాడును ఆయనయే. ఆంగ్లోద్యానమను పేర అది నేటికిని పచ్చగా నున్నది. ఈ సేవలకు మెచ్చి పాలకుడు కౌంట్ బిరుద మొసగగా, తాను పారిపోయి వచ్చిన ఊరి పూర్వనామమునే ఆయన బిరుదనామముగా ఎన్నుకొనెను. మనుష్యుల హృదయములు చిత్రమైనవి!

ఇచ్చటినుండి అసలు కథ యారంభమగుచున్నది. దినమునకు వందలకొలది జనులకు అన్నము పెట్టవలెను. బట్ట లియ్యవలెను. ఖజానాలో ధనము తక్కువ. కావున ఏ బట్ట వెచ్చదనమును నిలుపును, ఏ పొయ్యి కట్టెను తక్కువగా తినును అను ప్రశ్నలు ఆయనకు రాచకార్యములే యయ్యెను.

మొదటి ప్రశ్నకై ఆయన చేసిన ప్రయోగము చూడ ముచ్చటగా నుండును. ఉష్ణమాపకపు బుడ్డిని ఒక గాజుగోళము నడుమ నిలిపి, చుట్టునున్న ఖాళీలో ఒకసారి దూది, ఒకసారి ఉన్ని, ఒకసారి పట్టు, ఒకసారి కుందేటి బొచ్చు నింపెను. దానిని మరుగు నీటిలో కాచి, పిమ్మట మంచునీటిలో ముంచి, ఒక నిర్ణీత స్థాయికి చల్లారుటకు ఎన్ని సెకనులు పట్టునో గడియారము పట్టుకొని లెక్కించెను. ఏమియు నింపక గాలిని మాత్రమే విడిచినపుడు 576 సెకనులు. దూది నింపినపుడు 1,046. కుందేటి బొచ్చు నింపినపుడు 1,315. నింపిన పదార్థము ఎంతయో లేదు. గోళములో అధికభాగము గాలియే. మరి గాలికి లేని శక్తి దూదికెట్లు వచ్చెను? గాలి కదలకుండ ఆ పోగులు పట్టియుంచుటయే కారణమని ఆయన తేల్చెను. వేడిని నిలుపునది బట్ట కాదు. బట్టలో చిక్కిన గాలి. ఈ సూత్రమును ఆయన ఇండ్లకును వర్తింపజేసెను. రెండు వరుసల కిటికీ తలుపుల నడుమ చిక్కిన గాలి గోడకన్న మేలుగా చలిని ఆపునని వ్రాసెను. మన పూరియిల్లు వేసవిలో చల్లగను, చలికాలమున వెచ్చగను ఉండుటకు గల రహస్యము కూడ ఇదియే. దట్టముగా పరచిన తాటియాకుల నడుమను, రెల్లుగడ్డి గొట్టములలోను చిక్కిన గాలియే ఆ కప్పును కాచుచున్నది. రేకు కప్పునందు అట్టి గాలి లేదు. ఈ వేడిమి పరిశోధనలకు రాయల్ సొసైటీ 1792లో కాప్లీ పతకము నొసగెను.

ద్రవములలో వేడి నడచు విధమును ఆయన భోజనపు బల్లవద్ద కనుగొనెను. మ్యూనిక్‌లో ఒకనాడు చిక్కని బియ్యపుజావను తెప్పించుకొని, పనిలోపడి గంటసేపు మరచెను. పైభాగము చల్లారియుండెను, గరిటె అడుగునకు ముంచి తినగా నోరు కాలెను. జావ త్రాగిన పసిబిడ్డకును ఈ అనుభవము క్రొత్త కాదు. ఆయన మాత్రము నోరు కడుగుకొని ఊరకుండక, పలుచని నీరు త్వరగా చల్లారి చిక్కని జావ ఏల చల్లారదని విచారింపసాగెను. మరియొకనాడు సారాయి నింపిన పెద్ద ఉష్ణమాపకమును కిటికీకడ చల్లారబెట్టగా, అందు పడిన ధూళికణములు నడుమనుండి పైకెక్కుచు, అంచులవెంబడి క్రిందికి దిగుచు ఎడతెగక తిరుగుచుండుట ఎండవెలుగున కనబడెను. ద్రవము కదలుటచేతనే వేడి పంపకమగుచున్నది. కదలలేని చిక్కని జావలో అది చిక్కుపడుచున్నది. ఇంతవరకు ఆయన చెప్పినది సత్యము. నీటికి వేడిని మోయు స్వభావమే బొత్తిగా లేదని ఇంకొక అడుగు ముందుకు వేసెను. అది పొరపాటని తరువాతివారు నిరూపించిరి.

కార్మికశాలలో వండించిన జావయు పేరుపడినదే. యవలు, బఠాణీలు, ఆలుగడ్డలు, ఎండిన రొట్టెముక్కలు, ఉప్పు, కొంచెము పులుసు. వీనిని సన్నని సెగమీద గంటలకొలది కాచవలెను. ఆలుగడ్డ తినుటకు ఆ దేశపు బీదలు అప్పుడు ఏవగించుకొనెడివారు. అందుచేత మొదట వానిని చాటున ఉడికించి, గుర్తుపట్టరానట్లు కలిపి వడ్డించిరి. నీరు కూడ ఎక్కువసేపు కాగినచో పుష్టినిచ్చునని ఆయన నమ్మెను. అది వట్టి భ్రమ. కాని సన్నని సెగను గూర్చి చెప్పినది భ్రమ కాదు. మరుగుచున్న నీటి క్రింద ఎంత మంట వేసినను నీటి వేడి పెరుగదు. అదనపు కట్టెయంతయు ఆవిరియై పోవును. ఒకసారి ఎసరు మరగిన పిదప, ఆ మరుగు చెడకుండ నిలుపునంత నిప్పు చాలును. దాలిలో పిడకనిప్పుమీద పాలు కాచు మన పల్లెల యిల్లాండ్రకు ఈ మాట ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక పొయ్యి. ఆ దేశముల వంటయిండ్లలో అప్పుడు తెరపొయ్యిలే యుండెను. గద్దెమీద మంట వేసి, దానిపై కుండలను వ్రేలాడదీసియో ముక్కాలిపీటపై నిలిపియో వండెడివారు. ఇట్టి పొయ్యిలో పుట్టిన వేడిలో ఎనిమిదింట ఏడుపాళ్ళు వృథాగా పొగగొట్టమువెంట పోవుచున్నదని రంఫర్డు లెక్క కట్టెను. పాత లెక్కలో చెప్పవలెనన్న, రూపాయికి పదునాలుగణాలు గాలికి పోయి రెండణాలు మాత్రమే కుండకు దక్కుచున్న దన్నమాట. గ్రామమున ఎవని పొలములోనైన ఇట్టి పంట నష్టము వచ్చినచో ఊరంతయు గగ్గోలు పెట్టును. ప్రతి యింటను ప్రతిదినమును జరుగుచున్న ఈ నష్టమును ఎవరును నష్టముగా ఎంచలేదు.

ఆయన చేసిన మార్పులు చెప్పుటకు సులభములు. నిప్పును ఇటుకలతో నలుదిక్కుల మూసివేసెను. పాత్రను నిప్పుపైన నిలుపుటకు బదులు, ఇటుక కట్టులో దానికి సరిపడు గుండ్రని గుంటను ఏర్పరచి అందు దింపెను. మంట పాత్ర అడుగును తాకి, ప్రక్కలనుచుట్టి, వేడినంతయు అప్పగించిన తరువాతనే పొగగొట్టమును చేరునట్లు దారులు తీసెను. కట్టెలను నేలపై పరువక ఇనుపకమ్ములపై పేర్చెను; కమ్ముల క్రింద బూడిద గది, దానికొక చిన్న తలుపు. ఆ తలుపును ఎంత తెరచిన అంత గాలి. ఎంత గాలియో అంత మంట. పొగదారికి అడ్డముగా ఒక పలక. వంట ముగిసినచో రెండును మూసిన నిప్పు అణగియుండును. పెద్దపాత్రకు పెద్దపొయ్యి, చిన్నపాత్రకు చిన్నపొయ్యి. దేని నిప్పు దానిదే. ఇటుక నెన్నుకొనుటయు ఆలోచించి చేసినదే. ఇనుము వేడిని త్వరగా బయటికి కార్చును; ఇటుక పట్టియుంచును. ఇట్టి వంటశాలలో వేయిమందికి అన్నము వండుటకు పట్టు కట్టెలు చూచి పరదేశపు అతిథులు విస్తుపోయిరి. ఈ పొయ్యిలలో దేనిమీదను ఆయన హక్కుపత్రమును పుచ్చుకొనలేదు. ఎవరైనను కట్టుకొనవచ్చునని కొలతలతో సహా గ్రంథములలో ప్రకటించెను. జమవైపు వ్రాయవలసిన పద్దులలో ఇది పెద్దది.

మన దేశమున ఈ విషయమునకు ఆలస్యముగా దృష్టి కలిగినది. మూడురాళ్ళ పొయ్యి యెదుట ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు పోగొట్టుకొనిన తల్లుల లెక్క ఏ దస్తరములోను ఎక్కలేదు. మసిబారిన దూలములే దానికి సాక్షి. హైదరాబాదునందలి ఇంజనీరింగు పరిశోధనాలయపు అధ్యక్షులైన ఎస్.పి. రాజుగారు ఈ పొయ్యి సమస్యను పట్టుకొని, మట్టితోనే యెవరింట వారు కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించిరి. మూసిన నిప్పుగూడు, వరుసగా కుండలకు గుంటలు, పొగను బయటికి పంపు గొట్టము, దారిలో అడ్డుపలక; ఇవే అందలి అంగములు. లక్షలాది వంటయిండ్లు పొగనుండి విముక్తి పొందవలెనని ఆయన ఆంగ్లమున వ్రాసిన చిన్న గ్రంథము 1953లో వెలువడినది. నూరేబది యేండ్ల యెడమున రెండు దేశములలో ఇద్దరు నిప్పును అదే ప్రశ్న వేసి అదే ఉత్తరము రాబట్టిరి. భారత ప్రభుత్వము 1980 తరువాత మెరుగుపరచిన పొయ్యిలను ఊరూర కట్టించుటకు ఉద్యమించెను. కట్టిన పొయ్యిలు అన్నియు నిలువలేదు. గొట్టములో పేరిన మసిని తుడువకున్నచో ఎంత శాస్త్రీయమైన పొయ్యి యైనను ఇంటిలోనికే పొగను క్రక్కును. ఆ తరువాత 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపము పథకమువలనను, 2016 నుండి దేశమంతట ఉజ్జ్వల పథకమువలనను గ్యాసు పొయ్యి పేదయిండ్ల కెక్కినది. అయినను బండ నిండుకొనిన యింట కట్టెపొయ్యి మరల రాజుచునే యున్నది. అడవి, తోట మరల చిగిర్చు సంపదలే. కాని చిగురు వేగమును మించి నరికినచో ఆ సంపదయు తరుగును గనుక, పొయ్యి తీరు చక్కబడుట వనరక్షణ కూడ నగుచున్నది.

1795లో రంఫర్డు తన వ్యాసములను అచ్చువేయించుటకై లండనుకు వెళ్ళెను. ఊరిలో ప్రవేశించిన దినముననే దొంగలు ఆయన బండినుండి వ్రాతప్రతుల పెట్టెను ఎత్తుకొనిపోయిరి. ఏండ్ల శ్రమ అందు పోయెను. తల యెత్తి చూడగా పట్టణమంతయు నల్లని పొగ. శీతల దేశములలో ప్రతి గదికిని గోడలో ఒక నిప్పుగూడు ఉండును. అది వంటకు కాదు, మనుష్యులు వెచ్చబడుటకు. ఆ పొగమేఘము వ్యర్థముగా పోయిన బొగ్గే గదా యని ఆయనకు తోచెను. నాటి నిప్పుగూడులు లోతుగను, చతురముగను ఉండెడివి. పొగగొట్టపు గొంతు మనిషి దూరునంత వెడల్పు. గదిలోని వెచ్చని గాలినంతయు ఆ గొంతు మ్రింగి పైకి పంపుచుండగా, కిటికీ సందులనుండి మంచుగాలి వచ్చి కూర్చున్నవారి వీపులను కోయుచుండెను. ముందు కాలుచు వెనుక వణకుచు ఉండుటయే ఆ గృహస్థుల చలికాలపు సుఖము. పైగా పొగయంతయు గొట్టమున పోక గదిలోనికే తిరుగుచుండెను.

ఆయన వైద్యము మిక్కిలి చౌక. మేస్త్రీ నొకనిని, కొన్ని యిటుకలను, కొంచెము సున్నమును తెమ్మనెను. గూటి వెనుక గోడను ముందుకు జరిపి లోతు తగ్గించెను. ప్రక్కగోడలను ఏటవాలుగా, వెనుక గోడతో 135 డిగ్రీల కోణము వచ్చునట్లు కట్టించి, వేడి గదిలోనికి చిమ్మునట్లు చేసెను. వానికి సున్నము కొట్టించెను. గొట్టపు గొంతును నాలుగంగుళముల వెడల్పునకు బిగించెను. పైనుండి దిగు చల్లగాలి మంటపై పడకుండ గొంతువెనుక ఒక అరుగును విడిచెను. గొట్టము శుభ్రపరచు బాలుడు దూరుటకు వీలుగా ఒక రాతిని తీసి పెట్టునట్లు అమర్చెను. అంతే. బొగ్గు తగ్గెను, వెచ్చదనము పెరిగెను, పొగ పైకిపోయెను. అట్టి పొగపట్టిన గూడులను ఐదువందలవరకు తన చేతిమీదుగా బాగుచేసితినని ఆయన చెప్పుకొనెను. ప్రభువుల యిండ్లవారు పిలువనంపిరి. నవలాకర్త్రి జేన్ ఆస్టిన్ తన కథలోని భవనమున రంఫర్డు నిప్పుగూటిని పెట్టెను. అమెరికాలో జెఫర్సన్ తన మాంటిచెల్లో గృహమున అట్టివానిని కట్టించుకొనెను. గిల్రే అను చిత్రకారుడు 1800లో, ప్రభువు తన గూటికి వీపుపెట్టి కోటుతోకలెత్తి వెచ్చగా నిలిచియున్నట్లు పరిహాసచిత్రము వేసెను. పరిహసింపబడునంతటి ప్రసిద్ధి కొలదిమందికే దక్కును.

తరువాతి కొన్ని యేండ్ల రాజకీయములను క్లుప్తముగా చెప్పిన చాలును. 1796లో ఫ్రెంచిసేనలును ఆస్ట్రియాసేనలును మ్యూనిక్‌ను నడుమ పెట్టుకొని నిలిచినపుడు, ఆయన చాకచక్యముచే పట్టణము కొల్లబోకుండ తప్పించుకొనెను. అంతకన్న పెద్దకార్యము ఫిరంగుల కర్మాగారమున జరిగెను. ఫిరంగి గొట్టమును తొలుచునపుడు లోహము భయంకరముగా వేడెక్కుట ఆయన చూచెను. వేడి యనునది వస్తువులలో దాగియుండు ఒకవిధమగు సూక్ష్మద్రవమని అప్పటి పండితుల సిద్ధాంతము. అట్లయిన అది ఎంతో కొంతకు నిండుకొనవలెను. ఆయన మొద్దుబారిన బరమాతో, గుఱ్ఱములచే త్రిప్పించుచు, నీటితొట్టిలో మునిగిన ఫిరంగిని తొలిపించెను. రెండున్నర గంటలకు, నిప్పు అనునదే లేక, ఆ నీరు తెరలి మరగెను. చూడవచ్చినవారు నిర్ఘాంతపోయిరి, ప్రభువు చిన్నపిల్లవానివలె సంతోషించెను. త్రిప్పినంతసేపును వేడి పుట్టుచునే యున్నది గనుక అది ద్రవ్యము కాదు, చలనమే యని 1798లో ఆయన ప్రకటించెను. లోకము అంగీకరించుటకు మరి నలుబదియేండ్లకు పైగా పట్టెను.

1799లో లండనున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థను స్థాపించుటకు ఆయనయే మూలపురుషుడు. అందు నిజపొయ్యిలను, నిప్పుగూడులను నిలిపి, మేస్త్రీలును కమ్మరులును వచ్చి చూచి నేర్చుకొనవలెనని ఆయన కోరిక. 1801లో డేవీ అను యువకుని అక్కడ ఉపన్యాసకునిగా చేర్చెను. డేవీ ఉపన్యాసములకు శ్రీమంతులు బండ్లు కట్టుకొని రాసాగిరి. పనివాండ్రకై తలపెట్టిన బడియు, నమూనాల శాలయు మూలబడెను. ఆ సంస్థలోనే పిమ్మట ఫారడే పండితుడు విద్యుత్తు రహస్యములను ఛేదించెననుట నిజమే. కాని స్థాపకుడు తలచిన ఫలము వేరు, కాచిన ఫలము వేరు. పెత్తనము సహింపని తోటివారితో కలహించి 1802లో ఆయన ఆ దేశమును విడిచెను.

పిదప ప్యారిస్ నగరమున, విప్లవకాలమున శిరశ్ఛేదము పొందిన మహాశాస్త్రజ్ఞుడు లవోజియే భార్యయగు మేరీ ఆన్‌ను 1805లో వివాహమాడెను. వేడి సూక్ష్మద్రవమను సిద్ధాంతమునకు ఆ మొదటి భర్తయే పోషకుడు. దానిని పడగొట్టుటకు బూనినవాడు రెండవ భర్త. ఇంటిలోని వైరమునకు మాత్రము సిద్ధాంతములు కారణము కావు. ఆమెకు విందులు, అతిథులు కావలెను. ఆయనకు నిశ్శబ్దమును, పూలతోటయు కావలెను. ఒకనాడు పిలువని జనులను రానీయవలదని ఆయన వీధిగుమ్మమునకు తాళము వేయించి తాళపుచెవి తీసికొనగా, ఆమె అతిథులతో గోడ అవతలినుండి మాటలాడి, లోనికి వచ్చి ఆయన ముద్దుగా పెంచుకొనిన పూలమొక్కలపై సలసల కాగిన నీరు పోసెను. వేడినీటి గుణమును అంత చక్కగా పరిశోధించిన పండితుని తోటలో జరిగిన ఈ ప్రయోగమును ఆయనయే కుమార్తెకు జాబులో తెలిపెను. 1809లో వారు విడిపోయిరి.

చివరి యేండ్లు ప్యారిస్ చెంతనున్న ఓతేయిలో గడచెను. దీపపు వెలుగును కొలుచుట, కాఫీ కాచు పాత్రను మెరుగుపరచుట, బండిచక్రముల వెడల్పు నిర్ణయించుట. పని మాత్రము మానలేదు. తెల్లనివస్తువు వేడిని తక్కువగా వెలిగ్రక్కునని లెక్కగట్టి, నడి శీతకాలమున తలనుండి కాళ్ళవరకు తెల్లబట్టలు తొడిగి వీధిలో తిరుగుచుండగా జనులు నవ్వెడివారు. 1814 ఆగష్టు 21న జ్వరముచే మరణించెను. ఓతేయిలోనే సమాధి చేసిరి. మరుసటి యేట ఫ్రెంచి పండితసభలో కూవియే ఆయన చరిత్రమును చదువుచు, మానవజాతికి ఇంత మేలుచేసినవాడు మనుష్యులను ప్రేమించి చేయలేదని నిర్మొగమాటముగా చెప్పెను. అది కఠినమైనను అసత్యము కాదు. బిచ్చగాండ్రను ఆయన యంత్రములోని చక్రములవలె అమర్చెను. కాని ఆ చక్రములు చలికి వణకకుండ, ఆకలికి మలమలమాడకుండ చూచెను. ప్రేమగల దాతలు పెట్టిన అన్నము ఒకపూటతో సరి. ఈ ప్రేమలేని లెక్కగాడు కట్టిన పొయ్యి తరతరములు మండినది. ఏది ఘనమో నిర్ణయించుట చదువరులకే విడువవలసినది.

తన సొమ్ములో 1,000 పౌనులు రాయల్ సొసైటీకిని, 5,000 డాలరులు అమెరికా పండితసభకును 1796లోనే ఇచ్చి, వేడిమియందును వెలుగునందును క్రొత్త సంగతి కనుగొనినవారికి పతకములు ఏర్పరచి యుండెను. వానిని అందుకొనినవారిలో డేవీ, ఫారడే, పాశ్చర్, మాక్స్వెల్ గలరు. పొత్తిళ్ళలో విడువబడిన కుమార్తె సారా, ఇరువదియేండ్లు నిండిన పిదప 1796లో లండనున తండ్రిని చేరి, కొంతకాల మాయనవద్ద నుండెను. తండ్రి మరణానంతరమున చాల యేండ్లకు ఆమె కాంకర్డులోని ఆ పాత యింటికే తిరిగివచ్చి, 1852లో అక్కడనే కన్నుమూసెను. ఆ ఊరి దిక్కులేని ఆడపిల్లలకు ఆశ్రయ మొకటి నెలకొల్పుటకై ఆమె తన ఆస్తిని వ్రాసియుంచెను.